చేతులకు అలవాటైన దడ

గాబ్రియేలు మణికట్లకు ఏసుమణి ఆముదం రుద్దుతోంది. నూనె గోరువెచ్చగా ఉండగానే నరాల వెంబడి కిందికి నిమరాలి. రెండేండ్లుగా సాయంత్రమైతే ఆమెకు ఇదే పని. గాబ్రియేలు జీతానికి తోలే సుబ్బయ్య కారు స్టీరింగు దడదడలాడుతుంటే పట్టి పట్టి మొగుడి చేతులు కొయ్యబారిపోయాయి. కారు పోయి పదిరోజులైనా ఆ నొప్పి మాత్రం పోలేదు.

కారుతో పాటు ఆమె తమ్ముడు ఏసన్న కూడా పోయాడు. గాబ్రియేలు జ్వరంతో పడుంటే, కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న ఏసన్న ఆ ఒక్కరోజుకని బండి తీసుకుని రాజంపేటకు బయల్దేరాడు. ఒంటిమిట్ట దాటినాక చక్రం గుంతలో పడింది. బండి అదుపు తప్పి రోడ్డు కింది కాలువ మోరీ గోడకు గుద్దుకుంది. తాగి తోలినాడని సుబ్బయ్య అన్నాడు, ఊరూ అదే అంది. ఆనాటినుంచి ఏసుమణి తల్లి గడప దాటలేదు.

వాకిట్లో చెప్పులు విడిచి బొజ్జన్న లోపలికొచ్చాడు. కడపలో మోటార్లు బాగుచేసే షెడ్డు ఆయనది. విరిగిన కారును విప్పి చూసిందీ ఆయనే.

"కూర్చో అన్నా," అంటూ ఏసుమణి నూనె గిన్నె పక్కన పెట్టింది.

ఆయన కూర్చోలేదు. "స్టీరింగు డ్యాంపరు చూసినానప్పా. స్టీరింగు దడను ఆపేది అదొక్కటే. దాంట్లో చుక్క నూనె ల్యా. ఎండలు ముదరకముందే చెప్తి గదా! నూనె కారతాండాది, గుంతలో పడితే చక్రాలు ఎంతకీ కుదురుకోవడంల్యా, మార్చే కాలమొచ్చిందని. నువ్వేమంటివి?"

గాబ్రియేలు తల వంచుకున్నాడు.

"నా చేతులుండంగా డ్యాంపరెందుకంటివి. అబ్బో, భీముడి చేతులేనప్పా అని నేనూ నవ్వితి. ఆపొద్దు నవ్వకుండా ఉండాల్సింది." బొజ్జన్న చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఏసుమణి మొగుడివైపు తిరిగింది. "ఏసన్నకు చెప్తివా?"

"రోజూ పట్టేది గదమే. నాకది వణికినట్టే ఉండదు. వాని చేతులు వేరని మతికే రాల్యా."

"సుబ్బయ్యకైనా చెప్పింటే?"

"స్టీరింగు అదురుతాండాదంటే, నీ చేతుల్లో సత్తువ తగ్గింది, పోయి ఇంట్లో కూర్చోమంటాడనుకుంటి."

"ఇప్పుడన్నా పోయి చెప్పు. నా తమ్ముడు తాగలేదని చెప్పు. మా యమ్మ నలుగుర్లో తలెత్తుకోవాల."

"చెప్తే నాకింక బండి ఇచ్చేదెవరు?"

ఏసుమణి అతని మొహంకేసి చూస్తూ నిలబడింది. గాబ్రియేలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె పైట సర్దుకుని, తలుపు దగ్గరికి వేసి, సుబ్బయ్య ఇంటి దోవ పట్టింది.