రెండు ఎడమ రెక్కలు

ఏలియా కుంచె కొసను బొటనవేలి గోటి మీద తిప్పి మొనదేలేట్టు చేసుకున్నాడు. ఊపిరి బిగబట్టి, ట్యాంకు ఫిరంగి మూతిలో నల్లరంగు చుక్క పెట్టాడు. ఫిరంగి వేలెడు పొడవు కూడా లేదు. ఆ చుక్క పడేదాకా అది నున్నగా తీసిన కర్రపుల్ల. పడ్డాక లోపల బోలుగా, ఎవరి మీదికో గురిపెట్టినట్టు కనిపిస్తుంది. ట్యాంకును వెలుతురుకు పెట్టి చూసి, పక్కన ఆరుతున్న వాటి వరసలో నిలబెట్టాడు.

శంషాబాదు దాటాక బెంగళూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు అది. కార్గిల్‌లో యుద్ధం ఆగి ఎన్నో రోజులు కాలేదు. ఆ వానాకాలమంతా బడులవాళ్లు, క్లబ్బులవాళ్లు చిన్న ట్యాంకులూ విమానాలూ కావాలని వస్తూనే ఉన్నారు. మామూలు రోజుల్లో పదవీ విరమణ చేసే ఆఫీసర్లకు బహుమతిగా ఇవ్వడానికి మాత్రమే అడిగేవారు. టేకు చెక్కను విమానంగా చెక్కేవాడు మంజూర్. రంగులు వేసేవాడు ఏలియా.

ఏలియాకు యాభై దాటాయి. సన్నటి మనిషి. గోళ్ల అంచుల్లో ఎంత కడిగినా పోని ఆకుపచ్చ. ఒంటికి పట్టిన టర్పెంటైన్ వాసన ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నా పోదు. చర్చిలో చాప మీద అతని పక్కన కొంచెం జాగా ఎప్పుడూ ఖాళీగా ఉండిపోతుంది. చిన్నప్పుడు చర్చి గోడ మీద వాక్యాలు రాస్తుంటే ముసలి సేటు రామచంద్రయ్య చూసి పనిలోకి పిలిచాడు. అప్పటి నుంచి ఇదే పని. విమానం ఎక్కలేదు. దగ్గర నుంచి చూడనూ లేదు. వాటి పేర్లు కూడా అతనికి సరిగా పట్టుబడవు; పొట్టిముక్కుది, గద్దరెక్కది అని గుర్తు పెట్టుకుంటాడు. పైలట్ కూర్చునే అద్దం చోట నీలం పూసి, మీద తెల్లగా ఒక గీత లాగితే అది మెరుస్తున్నట్టుంటుంది. ఒకసారి అతని భార్య, దవాఖానలో ఆయాగా పనిచేసే డోర్కాస్, అడిగింది, "లోపల మనిషిని ఎందుకు పెట్టరు?" అని. ఎవరూ అడగలేదన్నాడు ఏలియా.

మంజూర్ ఆరోజు ఆలస్యంగా వచ్చాడు. పహాడీ షరీఫ్ గుట్ట కింద ఇల్లు ఆయనది. ఎప్పుడూ ఏలియా కంటే ముందే వచ్చి, చాయ్ తాగి, ఉలి నూరుకుంటూ ఉండే మనిషి. ఇప్పుడు సైకిలు చూరు కింద పెట్టి, తెల్లగడ్డం మీద వాన చినుకులతో గుమ్మంలో నిలబడి షెడ్డంతా ఒకసారి కలయజూశాడు.

"ఏమైంది భాయ్? గింత లేటైంది?"

"బాలాపూర్ దాంక పోయిన."

"బాలాపూర్ ఎందుకు?"

మంజూర్ టోపీ తీసి తలమీద చెయ్యి తిప్పుకున్నాడు. "గదే తెలుస్తలేదు. పోయినంక యాదికొచ్చింది, ఇది మన తొవ్వ కాదు గదా అని."

నవ్వాడు. ఏలియా కూడా నవ్వాడు. మంజూర్‌కు వేళాకోళం ఎక్కువ. ఒకప్పుడు విమానానికి ట్యాంకు చక్రాలు బిగించి, రంగు వెయ్యమని మొహం కదలకుండా ఇచ్చిన మనిషి.

ఆరోజు చేయాల్సింది ఒక మిగ్ విమానం. ఎవరో ఆఫీసరు మర్నాడు రిటైరవుతున్నాడు. విమానం మొండెం నిన్ననే చెక్కి ఉంచారు. రెక్కలు చెక్కి అతికిస్తే ఏలియా మొదటి పూతగా ప్రైమరు కొడతాడు. సాయంత్రం మల్లేశ్వర్ వచ్చి చూసుకుంటాడు. మల్లేశ్వర్ రామచంద్రయ్య కొడుకు. తండ్రి పోయాక షెడ్డు అతని చేతికి వచ్చింది. మొన్న ఏలియాను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాడు: "ఏలన్నా, ఫైబర్ అచ్చులు తెప్పిస్తున్న. అచ్చులొస్తే చెక్కుడు పని ఉండదు. మంజూర్ చాచా కూడ నెమ్మదైండు గదా. నువ్వైతే ఉండాలె. నేనే ఆయనకు చెప్త, నువ్వేం అనకు." అప్పటి నుంచి మంజూర్ తనవైపు చూసినప్పుడల్లా ఏలియా రంగుల వైపు తిరిగిపోతున్నాడు. డోర్కాస్‌కు కూడా చెప్పలేదు.

మంజూర్ పీట మీద కూర్చుని చెక్కసాగాడు. ఉలి చప్పుడు, చెక్కపెళ్లలు రాలే చప్పుడు ఎప్పటిలాగే ఉన్నాయి. ఏలియా వీపు తిప్పుకుని ట్యాంకులకు మట్టిరంగు మచ్చలు వేస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి మంజూర్ "ఇగో" అని రెండు రెక్కలూ బల్ల మీద పెట్టాడు.

ఏలియా వాటిని చేతుల్లోకి తీసుకున్నాడు. చక్కగా ఉన్నాయి. అంచులు ఆకు అంచుల్లా సన్నగా తేలాయి. రెక్కకు పైభాగం ఉబ్బుగా ఉంటుంది, అడుగు చదునుగా ఉంటుంది. ఎడమదాన్ని విమానానికి ఆనించి చూశాడు. సరిపోయింది. రెండోది కుడివైపు ఆనించాడు. కొస ముందుకు తిరిగింది. తిరగేసి పెడితే కొస వెనక్కే వెళ్లింది గాని ఉబ్బు కిందికి పోయింది. మళ్లీ మళ్లీ తిప్పాడు. తన చేతులే ఏదో పొరపాటు చేస్తున్నాయనుకున్నాడు. చివరికి రెండు రెక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. ఒకటే అచ్చులా అతుక్కుపోయాయి.

రెండూ ఎడమ రెక్కలే.

ఏలియా తలెత్తి మంజూర్ కళ్లలోకి చూశాడు, వేళాకోళం ఎక్కడైనా దాగి ఉందేమోనని. లేదు. ఆయన చెమట తుడుచుకుంటూ మెప్పుకోసం చూస్తున్నట్టున్నాడు.

"భాయ్, గిది... గిది కూడ ఎడమదే గదా?"

మంజూర్ రెక్కలు తీసుకుని రెండు అరచేతుల్లో పరిచాడు. అటు చూశాడు. ఇటు చూశాడు. "ఇది ఇటు. ఇది అటు. ఏముంది?" అన్నాడు. అని, ఏలియా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. తప్పిపోయినవాడు దారిన పోయేవాళ్ల వైపు చూసినట్టు చూశాడు.

"అవును భాయ్. మంచిగనే ఉన్నయి," అన్నాడు ఏలియా.

ఎందుకలా అన్నాడో అతనికే అర్థం కాలేదు. రెండో రెక్కను తీసి చెక్కపొట్టు గోనెసంచి కిందికి తోశాడు. సాయంత్రం మల్లేశ్వర్ చూస్తే ఏమంటాడో అదొక్కటే అతని తలలో తిరిగింది.

చాయ్ వేళకు మంజూర్ చేతిలోంచి గ్లాసు జారింది. పట్టుకోబోయాడు గాని వేళ్లు ముడుచుకోలేదు. "మొద్దువారింది. రాత్రి చెయ్యి మీద పండుకున్న గావచ్చు," అని కుడిచేతిని ఎడమచేత్తో పిసుక్కున్నాడు. తరవాత ఏలియా పట్టుకున్న కుంచెకేసి చూపించి, "గది జర... గది... ఏమంటరు దాన్ని?" అన్నాడు. ఏలియా చెప్పాడు. "ఆఁ, కుంచె," అని కొత్త మాట నేర్చుకున్నట్టు ఒకసారి పలికి చూసుకున్నాడు.

"భాయ్, సాయంత్రం దవాఖానకు పోదం. డోర్కాస్ అక్కడనే ఉంటది. డాక్టరమ్మకు చూపిస్తది."

"దేనికి? నాకేమైంది?"

ఏలియా మనసులో లెక్క వేసుకున్నాడు. తొవ్వ తప్పడం, గ్లాసు జారడం, ఒక మాట మరిచిపోవడం... తనకూ ఎన్నిసార్లు కాలేదు? రెక్క సంగతి ఒక్కటే మిగిలింది. అది నోటితో అంటే ఈ మనిషి ఏమైపోతాడో అనిపించింది.

"ఏం లేదు. ఊరికెనే," అన్నాడు.

నమాజు వేళైంది. మంజూర్ కాళ్లూ చేతులూ కడుక్కుని, చాప చంకన పెట్టుకుని వచ్చి షెడ్డు నడుమ ఆగిపోయాడు. ఇన్నేళ్లుగా ఆయన చాప పరిచే చోట నేల అరిగి నున్నగా ఉంది. ఆయన నాలుగువైపులా చూశాడు.

"ఏలియా, ఎటు?"

"ఏంది భాయ్?"

"కిబ్లా ఎటు? ఏ దిక్కు తిరిగి నిలబడాలె?"

ఏలియా కుంచె కింద పెట్టి లేచాడు. "గటు భాయ్. రంగుల బీరువా దిక్కు. జర కుడికి," అని, చాప అందుకుని తానే పరిచి, అంచు సరిచేశాడు. ఇంకొకరి దేవుడి దిక్కు తన చేత్తో చూపించవలసి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు. సరిగానే చూపించానా అని బెదురు పట్టుకుని, మంజూర్ వంగి లేచినంతసేపూ బీరువా వైపే చూస్తూ నిలబడ్డాడు.

నమాజు అయ్యాక మంజూర్ గోడకు చేరవేసిన బస్తాల మీద కూర్చున్నాడు. "జరసేపు ఒరుగుత. నువ్వు చెయ్యి," అన్నాడు. అని కళ్లు మూసుకున్నాడు.

ఏలియా వెంటనే కొత్త చెక్క తీసుకున్నాడు. ఉలి పట్టి ఎరగడు. కాని ఇన్నేళ్లుగా రోజూ ఆ చేతుల్ని చూస్తూనే ఉన్నాడు. కొట్టుడు చప్పుడుకు మంజూర్ లేస్తాడేమోనని సుత్తి పట్టుకోలేదు. ఉలిని అరచేత్తోనే నెడుతూ, ఆకురాయితో రాస్తూ చెక్కాడు. చెక్క మాట వినలేదు. ఒకచోట లోతుగా తెగింది. లప్పం పెట్టి కప్పాడు. మాటిమాటికీ ఎడమ రెక్కను పక్కన పెట్టుకుని, ఇది అటు తిరిగితే అది ఇటు తిరగాలి అని తనలో తాను గొణుక్కున్నాడు. కాసేపటికి ఏది కుడో ఏది ఎడమో తనకూ తెలియకుండా పోయింది. చొక్కా విప్పి, విమానంలా చేతులు చాపి నిలబడి చూసుకున్నాడు. రేకుల మీద వాన గట్టిగా పడింది, ఆగింది. అంతసేపూ మంజూర్ కదలలేదు. మంచి నిద్ర పట్టింది, లేచేసరికి బాగైపోతాడు అనుకున్నాడు ఏలియా. అలా అనుకుంటుంటే చెయ్యి కొంచెం కుదురుకుంది.

రెక్క అతికింది. కొస వెనక్కి తిరిగింది. ఉబ్బు పైకే ఉంది. ప్రైమరు కొట్టి ఆరబెట్టాక బూడిదరంగు విమానం బల్ల మీద రెండు రెక్కలతో నిలబడింది. ఏలియాకు ఏడుపో నవ్వో తెలియనిదేదో వచ్చింది. మంజూర్‌ను లేపి చూపించాలనిపించింది. ఏమని చూపిస్తాడు? నీ తప్పు నేను దిద్దానని చెప్పాలా?

మల్లేశ్వర్ ట్రాలీ ఆటోలో వచ్చాడు. గొడుగు దులిపి, విమానాన్ని ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూశాడు.

"ఏలన్నా, గీ పక్క రెక్క జర మందమున్నదేందే?"

"రంగు పడితే తెల్వది సేట్."

"చాచా చెయ్యి గిట్ల రాదే. లేపి నేనే అడుగుత."

ఏలియా అడ్డం వచ్చాడు. "పండుకోనీ సేట్. పాణం బాగలేదు ఆయనకు. పొద్దుగూకినంక అడుగు. రేపడుగు."

"నేనేమన్న కొడ్తనా?" అని మల్లేశ్వర్ నవ్వి, అతన్ని పక్కకు జరిపి బస్తాల దగ్గరకు నడిచాడు. "చాచా," అన్నాడు. "ఓ చాచా." వంగి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తరవాత చాలా నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు.

"ఏలన్నా," అన్నాడు. గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. "చల్లగున్నడు."

ఇద్దరూ కలిసి మంజూర్‌ను ట్రాలీలో పడుకోబెట్టారు. పహాడీ షరీఫ్ దాకా ఏలియా ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా కుడిచేయి జారి పక్కకు పడిపోతుంటే పట్టుకుని ఛాతీ మీద పెట్టాడు. ఇంటి ముందు మనుషులు మూగారు. మంజూర్ భార్య సుఘ్రా అరవలేదు. ఏలియా ముందు నిలబడి ఒక్క మాట అడిగింది.

"ఏలియా భాయ్, పొద్దుగాల మంచిగనే పోయిండు గదా. ఏమన్న చెప్పిండా?"

"చెప్పలే, భాభీ."

"ఏం చెప్పలేదా?"

"పనిచేసిండు. మంచిగ చేసిండు," అన్నాడు ఏలియా. ఆమె తల ఊపి లోపలికి వెళ్లింది.

షెడ్డుకు తాళం వెయ్యడానికి వెనక్కి వచ్చేసరికి మసక చీకటి పడుతోంది. కబురు తెలిసి డోర్కాస్ దవాఖాన నుంచి నేరుగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆయా చీర మార్చుకోలేదు. మొగుడి చేయి పట్టుకుంది.

"ఎట్లయిందయ్యా?"

"పండుకున్నడు. గంతే."

"అంతకుముందు? మాట తడబడ్డదా? చేతిల వస్తువులేమన్న జారినయా?"

ఏలియా ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లుగా దవాఖానలో నేల తుడుస్తూ, మంచాలు మారుస్తూ ఉన్న మనిషికి ఆ ప్రశ్నలు ఎంత సులువుగా వచ్చాయో అతనికి అంతుపట్టలేదు. అంటే వాటికొక పేరుంది. ముందే తెలిస్తే ఏదో చేస్తారు. దవాఖాన ఇక్కడికి ఎంత దూరమని?

"నాకు తెల్వదు," అన్నాడు. మళ్లీ, "నేను ఆయనకు రెక్క చెక్కుతున్న, డోర్కాస్. లేస్తడేమో అని మెల్లగ చెక్కిన," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

తాళం వేసి షెడ్డు పక్కగా నడిచారు. చూరు కింద మంజూర్ సైకిలు గోడకు ఆనించి ఉంది. వెనక చక్రానికి తాళం. తాళంచెవి ఆయన లాల్చీ జేబులో ఆయనతోనే వెళ్లిపోయింది. ఏలియా దాన్ని కదిలించబోయి ఊరుకున్నాడు. వానకు తడవకుండా పొద్దున మంజూర్ సీటుకు పాలిథిన్ సంచి తొడిగి, కింద దారం చుట్టి, ముడి వేసి లోపలికి వెళ్లాడు. ఏలియా వంగి వేలితో తడిమి చూశాడు. ముడి సరిగ్గానే ఉంది.