రాగి కడియం

పేపర్లో నా ఫొటో పడిన రోజు నాకు జ్వరం. వారం రోజులుగా ఎలుకలకు మందెక్కించి, షాకిచ్చి, ఏది ఎన్ని సెకన్లు కొట్టుకుందో రాసుకుంటూ కూర్చున్నదాన్ని. ఫొటోలో కూడా అలాగే ఉన్నాను, కళ్ళు మూసుకుపోతూ. పైన పెద్దక్షరాలతో ‘మూర్ఛకు రాగి మందు: గుంటూరు అధ్యాపకురాలి ఘనత’ అని వేశారు. ఎలుకల మాట ఆఖరి వాక్యంలో ఉంది. ఆఖరిదాకా చదివే ఓపిక ఎవరికుంది?

ఆ ఘనత ఏమిటో నేనే చెబుతాను. మామూలు నొప్పి బిళ్ళల్లో ఉండే పదార్థాన్ని రాగితో కలిపి ఒక నీలం పొడి తయారుచేశాను. మా కెమిస్ట్రీలో అలాంటివాటిని కాంప్లెక్సులంటాం. ఎనిమిదేళ్ళు పట్టింది. పదకొండు పొడులు ఎందుకూ పనికిరాలేదు. పన్నెండోది ఇస్తే పది ఎలుకల్లో ఏడింటికి ఫిట్స్ ఆగాయి. అంతే. అక్కణ్ణుంచి మనిషి నోట్లోకి బిళ్ళ చేరడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అసలు చేరుతుందో లేదో, చెప్పగలిగినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం మా అక్క నాగజ్యోతి ఫోన్ చేసింది. నాకంటే ఐదేళ్ళు పెద్దది. అద్దంకి దగ్గర పల్లెలో, బావ యలమందతో కలిసి మిరప పండిస్తుంది. పదకొండో ఏటి నుంచీ ఆమెకు ఫిట్స్. నేను కెమిస్ట్రీ చదివిందీ, ఈ తలనొప్పి కోరి తెచ్చుకుందీ అక్క వల్లే. చిన్నప్పుడు తను పడిపోగానే అమ్మ “తాళాలు తేవే” అని కేకేసేది. నేను పరుగున వెళ్ళి తాళాల గుత్తి తెచ్చి, బిగుసుకుపోయిన గుప్పిట్లో కుక్కేదాన్ని. ఇనుము చేతిలో పెడితే ఫిట్స్ ఆగుతుందని మావైపు అందరి నమ్మకం. పెళ్ళయ్యాక కూడా అక్క నడుముకు గుత్తి దోపుకునే తిరిగింది. తాళం వేసి దాచుకునేటంత సొత్తు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. ఆ గుత్తి చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇనుముతో ఏమీ కాదు, డాక్టరు దగ్గరికి పద అని ఏళ్ళ తరబడి పోరితే ఐదేళ్ళ కిందట వచ్చింది. రెండు పూటలా బిళ్ళ మొదలుపెట్టింది. అప్పట్నుంచీ ఒక్కసారి కూడా పడలేదు.

“నిజంగానే రాగితో తగ్గుద్దా మాధవీ?” అని అడిగింది ఫోన్లో.

ఎలుకల దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాలంటే అరగంట. నాకు తల పగిలిపోతోంది. “తగ్గుద్దక్కా” అని పెట్టేశాను. అప్పుడు నాకు కావలసింది కాసేపు పడుకోవడం, ఇంకేమీ కాదు.

నలభై రోజుల తర్వాత, మార్చిలో, పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. అక్క కల్లంలో ఎండుమిరపకాయలు తిరగేస్తూ పడిపోయిందట. ఒకటి తగ్గేలోపు ఇంకొకటి వస్తూ ఫిట్స్ ఆగలేదట. ఆటోలో అద్దంకి, అక్కణ్ణుంచి అంబులెన్సులో గుంటూరు తీసుకొచ్చారు.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి ఇంజెక్షన్ మత్తులో ఉంది. కాయల్లో పడి దొర్లింది కదా, ముఖమంతా కారం మంట ఎక్కి వాచిపోయింది. నడుముకు తాళాలు లేవు. కుడిచేతికి లావుపాటి రాగి కడియం ఉంది.

అదేమిటని బావనడిగాను. పొలంలో కాలిపోయిన మోటారు నుంచి విప్పిన తీగను మెలిపెట్టి చేయించారట. రాత్రంతా రాగిచెంబులో ఉంచిన నీళ్ళు పొద్దున్నే తాగుతోందట. బిళ్ళలు మానేసిందట, నేను ఫోన్లో తగ్గుతుందన్న మర్నాటి నుంచే.

“బిళ్ళేసుకుంటే మగతగా ఉంటంది, కోతలప్పుడు లెగవలేకపోతన్నా అనేది,” అన్నాడు బావ. “‘మా చెల్లెలు అంత చదువుకుని చెప్పాక ఇంకా ఈ బిళ్ళలెందుకు’ అంది. నేనేం అంటాను మాధవీ?”

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నేనూ నాలుగు మాటలని తేలికపడేదాన్ని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ముందు ఆ విలేకరి మీద వచ్చింది, తర్వాత బావ మీద, ఆ తర్వాత ఆ కడియం చేసిచ్చినవాడి మీద. అందరి మీదా అయిపోయాక ఇక మిగిలింది నేనే.

నర్సు ఖుర్షిదా వచ్చి సెలైన్ చూసి, ఇలాంటి బిళ్ళలు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుందని, మానమని చెప్పిందెవరని అడిగింది.

“నేనే” అన్నాను.

ఆమె నా మెడలో వేలాడుతున్న కాలేజీ కార్డు చూసింది. చార్టులో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి అక్క కళ్ళు తెరిచింది. ఖుర్షిదా వచ్చి చూసి, వేయమని బిళ్ళ ఇచ్చి వెళ్ళింది. బావను అన్నం తినిరమ్మని పంపి నేను పక్కన కూర్చున్నాను. మాట ముద్దగా వస్తోంది. కడియం చిన్నదైపోయిందా, ఇంకొంచెం రాగి ఎక్కువ పడాలా అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఎనిమిదేళ్ళలో పదకొండు పొడులు పారబోసినప్పుడు కూడా రాని ఏడుపు.

ఈసారి అరగంట పట్టినా అంతా చెప్పాను. ఆ పొడి కడియాల్లో ఉండదని, చెంబులోకీ రాదని, దాన్ని ఇంతవరకు ఏ మనిషీ మింగలేదని చెప్పాను. ఆరోజు జ్వరంగా ఉండి, విసుగొచ్చి అలా అనేశానని కూడా చెప్పాను.

“నేను బతికుండగా వస్తదా అది?”

“రాదేమో అక్కా.”



“మరి ఆ ఎలకలకి తగ్గిందా?”

“ఏడింటికి తగ్గింది.”

“పోన్లే. అవన్నా సుఖంగా ఉన్నాయి.”

ఊఁ అంటే సరిపోయేది. అక్క తృప్తిగా నిద్రపోయేది. పోయిన వారమే ఆ ఏడింటి కాలేయాలు బల్ల మీద పెట్టి చూశాను. ఒక్కటీ బాగాలేదు. ఆ సంగతి కాలేజీలో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

“అవిప్పుడు లేవక్కా,” అన్నాను. “లోపల ఎలా ఉందో చూడాలని కోసేశాను. ఆ పొడి వాటి లివర్ని పాడుచేసింది.”

అక్క నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

“ఎనిమిదేళ్ళు,” అంది మెల్లగా. “అలిసిపోయుంటావే.”

తర్వాత ఎడమచేత్తో కడియం లాగింది. చెయ్యి వాచి ఉంది, అది మణికట్టు దాటలేదు. రెండుసార్లు లాగి వదిలేసింది.

“నర్సమ్మిచ్చిన బిళ్ళ ఏదీ, ఇలా ఇయ్యి. ఇచ్చి, పోయి సబ్బు తేవే.”

బిళ్ళ వేసి, నీళ్ళు తాగించి, సబ్బు కోసం లేచాను. చిన్నప్పుడు తాళాల కోసం వెళ్ళినట్టే, వరండా చివరిదాకా పరిగెత్తాను.