గుడ్డ జారలేదు

మా బట్టల దుకాణంలో కూర్చునే హక్కు ఒక్క బొమ్మకే ఉంది. వీధి వైపు అద్దాల గదిలో, మెత్తటి కుర్చీలో, కొత్త బట్టలు తొడుక్కుని దర్జాగా కూర్చుంటుంది. ప్రాణమున్న మేం మాత్రం షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా నిలబడే ఉండాలి, కొనేవాళ్ళు ఒక్కరు లేకపోయినా సరే. ఇదేం న్యాయమని అడిగితే, మేం కూర్చుంటే కొనేవాళ్ళకు మర్యాద తక్కువవుతుందట. వాళ్ళ మర్యాదంతా మా మోకాళ్ళలోనే ఉందన్నమాట.

నాకు ఈ పని నేర్పింది అక్క. తోడబుట్టింది కాదు, అందరికన్నా ముందు చేరింది కాబట్టి దుకాణంలో అందరికీ అక్కే. నేను చేరిన రోజునే నన్ను దుప్పట్ల కౌంటరు వెనక్కి లాక్కెళ్ళి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఎలా మార్చాలో చూపించింది. తర్వాత అసలు విద్య చెప్పింది. కాళ్ళు మరీ పీకుతుంటే ఒక దుప్పటి కావాలనే కింద పడేయాలి. పక్కవాళ్ళకు వినపడేలా "గుడ్డ జారింది" అనాలి. మడతపెట్టే వంకతో కౌంటరు చాటున కాసేపు కూలబడాలి. సూపర్‌వైజరు ఇటు వస్తుంటే పక్కామె దగ్గుతుంది. అందరం అలాగే వంతులేసుకుని బతుకుతున్నాం.

ఒకరోజు గుడ్డ జార్చి కూర్చున్న అక్క ఇక లేవలేకపోయింది. పిక్కల మీద నరాలు ముడులు పడి నీలంగా ఉబ్బిపోయాయి. చంకల కింద చేతులేసి లేపుతుంటే సూపర్‌వైజరు వచ్చి చూశాడు. నిలబడలేనివాళ్ళు ఇంటి దగ్గరే కూర్చోవచ్చని, శనివారానికల్లా ఏ సంగతో తేల్చి చెప్పమని అనేసి పోయాడు. ఆ ఇంట్లో సంపాదించే చెయ్యి అక్కదొక్కటే.

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మా వంటింటి స్టూలు ఎత్తుకొచ్చి, అందరికీ కనిపించేలా కౌంటరు పక్కన వేసి, అక్కను కూర్చోమన్నాను. అక్క దాన్ని పామును చూసినట్టు చూసింది.

"నీకేం పోయేకాలమే, తీసెయ్" అంది.

తీసేస్తే నేను నేనెందుకవుతాను? నేనే కూర్చున్నాను.

సూపర్‌వైజరు నన్ను ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నానికల్లా కౌంటర్లకు ముందున్న చెక్కలు ఊడదీయించాడు, అంతే. ఇప్పుడు మా అందరి కాళ్ళూ బయటికి కనిపిస్తున్నాయి. దుప్పటి జారితే వంగి తీసుకోవడమే, చాటు లేదు.

ఆ తర్వాత ఆయన చేయాల్సిన పని మావాళ్ళే చేసిపెట్టారు. షట్టరు దించాక బయట టీ బండి దగ్గర, ఇదివరకు నన్ను చూడగానే బల్ల మీద సర్దుకుని చోటిచ్చేవాళ్ళు కాస్తా కాళ్ళు బార్లా చాపి చోటు లేదన్నారు. నాకు మహారాణి అని పేరు పెట్టారు. చాటుగా ఇన్నాళ్ళూ వాళ్ళు చేసింది తప్పు కాదట, నలుగురిలో నేను చేసిందే తప్పట. అంటే అన్నారు, నాకేం? కానీ అక్క కూడా మొహం తిప్పేసుకుంది. అయినా స్టూలు తీయలేదు. కొనేవాళ్ళు వస్తే లేచాను, పోగానే కూర్చున్నాను.

శనివారం దుకాణం కిటకిటలాడుతోంది. ఉన్నట్టుండి చూస్తే దుప్పట్ల దగ్గర అక్క లేదు. బయట జనం అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు. పరుగెత్తి చూద్దును కదా, అద్దాల గదిలో బొమ్మ కాళ్ళు గాల్లోకి లేపి వెల్లకిలా పడి ఉంది. దాని కుర్చీలో అక్క! చెప్పులు విడిచేసి, ఆ ఉబ్బిన కాళ్ళు హాయిగా ముందుకు చాపుకుని కూర్చుంది. ఎవరో పెద్దమనిషి కొత్త బొమ్మ అనుకున్నాడు కాబోలు, అక్క మోకాలు గోక్కోగానే అదిరిపడి వెనక్కి గెంతాడు.

సూపర్‌వైజరు ఉరుక్కుంటూ వచ్చాడు. వీధంతా చూస్తోంది కదా, మొహాన నవ్వు పులుముకుని గొంతు తగ్గించి అడిగాడు.

"ఏంటమ్మా, గుడ్డేమైనా జారిందా?"

మా చాటుమాటు విద్య ఆయనకు మొదటినుంచీ తెలుసన్నమాట. భయం భయంగా కూర్చున్నంత కాలం చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇప్పుడు తనే వంక అందిస్తున్నాడు. అక్క అవునంటే చాలు, ఉద్యోగం నిలిచేది.

"గుడ్డ జారలేదు సార్. కాళ్ళు నొప్పులు, కూర్చున్నాను" అంది అక్క.

లేవకపోతే రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు. అక్క కదల్లేదు. ఇదంతా నా నిర్వాకమేనని, నా అక్కను నేనే లేపాలని నా మీదికి తిరిగాడు. నేను చెప్పులు విడిచి అద్దాల గదిలోకి ఎక్కాను. బొమ్మను పక్కకు నెట్టి, అక్క కుర్చీ పక్కన నేల మీద ముడుచుకుని కూర్చున్నాను. నా ఉద్యోగమూ పోయిందనే అనుకున్నాను. వెనక్కి చూస్తే, ఎప్పుడూ దగ్గే ఆవిడ దారికి అడ్డంగా ఒక దుప్పటి పరిచి, సూపర్‌వైజరు మొహంలోకి చూస్తూ దాని మీద చతికిలబడింది.

నిలబడటం నేర్పిన అక్క నా మోకాలి మీద ఒక్కటిచ్చింది.

"ముడుచుకుంటావేమే? కాళ్ళు చాపుకో."