నలభై ఎనిమిది గంటలు

"ఇరవై దాకా లెక్కపెట్టాలి. రైలు తప్పిపోతున్నట్టు పరిగెత్తకండి. నిదానంగా. అరచేతులు, చేతుల వెనక, వేళ్ళ సందులు, గోళ్ళ కింద. బొటనవేలిని అందరూ మర్చిపోతారు. దాన్ని విడిగా పట్టుకుని తిప్పాలి."

పనిలో కొత్తగా ఎవరు చేరినా ఆమె ఇవే మాటలు ఇదే వరసలో చెప్పేది. రోజుకు మూడు వేల భోజనాలు వండి ఆఫీసులకూ ఫ్యాక్టరీలకూ పంపే పెద్ద వంటశాల అది. అక్కడ శుభ్రత చూసుకోవడం ఆమె పని. కోల్డ్ రూమ్ చల్లగా ఉందా, కూర లోపలిదాకా ఉడికిందా, పచ్చి మాంసం కోసిన చెక్క మీద టమాటాలు కోసేస్తున్నారా, అన్నీ ఆమే కనిపెట్టుకుని ఉండాలి. ఏప్రన్ జేబులో థర్మామీటరు పెట్టుకుని తిరిగే ఆమెని అందరూ సబ్బక్క అనేవాళ్ళు. మొదట చాటుగా అనేవాళ్ళు, తర్వాత ఎదురుగానే. ఆమెకి కోపం రాలేదు. ఇంట్లో పందొమ్మిదేళ్ళుగా 'ఇదిగో', 'ఎక్కడ చచ్చావ్', 'మా ఆవిడ' అనిపించుకుంటున్న మనిషికి సబ్బక్క అనే పిలుపు నయంగానే ఉండేది.

ఇరవై దాకా లెక్కపెట్టడానికి ఆమెకి అంకెలు అక్కర్లేదు. సబ్బు నురగ చేసుకుంటూ ఇంటికి వెళ్ళాక చెయ్యాల్సిన పనులు తలుచుకునేది. పాలు కాచాలి, ఆరేసిన బట్టలు తియ్యాలి, మామయ్య మందులు, అమ్మాయి యూనిఫాం, ఆయన చొక్కా గుండీ, స్టవ్ తుడవాలి, చెత్త బయట పెట్టాలి. ఇరవై సెకన్లు అయిపోయేవి గానీ పనులు అయిపోయేవి కావు. ఈ కిటుకు కొత్తవాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఆడవాళ్ళందరూ ఎవరి జాబితా వాళ్ళు విప్పుతారనీ, ఇంక పాఠం సాగదనీ భయం.

చేతుల పాఠం అయ్యాక గోడ మీది కాగితం చూపించేది. వాంతులు, విరేచనాలు అయితే వెంటనే చెప్పాలి. పూర్తిగా తగ్గాక కూడా నలభై ఎనిమిది గంటలపాటు తినేదేదీ ముట్టుకోకూడదు. ఇక్కడికి వచ్చేసరికి ఆమె గొంతు పెరిగేది. "తగ్గింది కదా అని వచ్చేస్తే కుదరదు. మనకి తగ్గినంత తొందరగా మన చేతులకి తగ్గదు. గట్టివాళ్ళయితే ఓ రోజు పడుకుని లేస్తారు. పసివాళ్ళూ ముసలివాళ్ళూ లేవకపోవచ్చు." ప్రతిసారీ ఎవరో ఒకావిడ "మరి ఇంట్లో అయితే ఎలా అక్కా? ఇంట్లో వండేది మనమేగా?" అని అడిగేది. ఆమె కూడా నవ్వేసి "ఇంట్లో కస్టమర్లు కంప్లైంట్ ఇవ్వరులే" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వుతో పాఠం అయిపోయేది.

ఒక మంగళవారం పొద్దున బట్టలు మార్చుకునే గదిలో సబ్బక్కకే వాంతి అయింది. చూసినవాళ్ళు లేరు. నేల కడిగేసి, నోరు పుక్కిలించి, టోపీ పెట్టుకుని లోపలికి పోతే అడిగేవాళ్ళూ లేరు. కానీ అంతమందికి చెప్పిన నోటితో అబద్ధం ఎలా ఆడాలో ఆమెకి తెలియలేదు. నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పింది. మేనేజరు ఆమెకంటే పదేళ్ళు చిన్నపిల్ల. కంప్యూటర్లోంచి తలెత్తి "అయ్యో అక్కా, మీరే పడిపోతే ఎలా? వెళ్ళి పడుకోండి. తగ్గాక కూడా రెండు రోజులు వంట మాటే ఎత్తొద్దు. ఇది నా ఆర్డరు" అంది నవ్వుతూ.

బస్సులో ఒళ్ళో ప్లాస్టిక్ సంచి పెట్టుకుని కూర్చుంది. కడుపులో దేవుతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా లోపలెక్కడో సంతోషంగా ఉంది, దాచడమెందుకు. వంట చెయ్యొద్దని ఒక మనిషి తనకి ఆర్డరు వెయ్యడం బుద్ధెరిగాక ఇదే మొదలు. కూతురు పుట్టిన పదో రోజుకే స్టవ్ దగ్గర నిలబడింది. జ్వరాల్లో నిలబడింది, కాలు బెణికితే కుర్చీ లాక్కుని కూర్చుని వండింది. జబ్బు మనిషి చేతికి ఆహారం అప్పగించకూడదని ఎక్కడో ఎవరో పెద్దవాళ్ళు కూర్చుని రాశారు. తనని దృష్టిలో పెట్టుకుని రాయలేదు, తినేవాళ్ళ కోసం రాశారు. అయినా అందులో తనకీ రెండు రోజులు దొరికాయి. "రెండు రోజులు" అని పైకే అనేసింది. పక్క సీట్లో ఆవిడ ఇటు తిరిగి చూసింది.

తలుపు మామయ్య తీశాడు. ఎనభై రెండేళ్ళాయన. కట్టుడు పళ్ళు నొప్పెడుతున్నాయని డబ్బాలో పెట్టి అటక మీదికి ఎక్కించేశాడు. ఆ ఇంట్లో "తిన్నావా అమ్మాయ్?" అని అడిగే నోరు అదొక్కటే. పళ్ళు లేవు గనక ఆయన అన్నం ఆమే వేళ్ళతో మెత్తగా పిసికి, గింజ తగలకుండా చూసి, గిన్నెలో పెట్టి ఇచ్చేది. గరిటెతో మెదిపితే గింజలు మిగిలేవి. చేత్తో అయితే వేలికి తెలుస్తుంది. నాలుగేళ్ళుగా రెండు పూటలా అదే వరస.

సాయంత్రం భర్త వచ్చేసరికి ఆమె పక్క మీద ముడుచుకుని పడుకుని ఉంది. అతను రవాణా ఆఫీసులో గుమాస్తా. బూట్లు విప్పుతూ వంటగదిలోకి తొంగి చూసి, చల్లగా ఉన్న స్టవ్ చూసి, గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏం, ఇవాళ పస్తా?"

ఆమె చెప్పింది. వాంతుల సంగతి, కాగితం సంగతి, నలభై ఎనిమిది గంటల సంగతి.

"అది మీ హోటలు రూలు. మనింట్లో కస్టమర్లు ఎవరున్నారు? మీ మేనేజరు చెప్పిందని ఇంట్లో కూడా డ్యూటీ దిగిపోతావా?"

తన జోకునే ఎవరో తన మొహాన విసిరినట్టనిపించింది ఆమెకి.

ముందుగదిలోంచి మామయ్య అన్నాడు. "రెండు పూటలు రొట్టె తెచ్చుకుంటే పోతుంది కదరా. గుడ్లు నేను ఉడకబెడతా. నీళ్ళలో వెయ్యడమేగా?"

"మీరు ఊరుకోండి నాన్నా. మంట దగ్గరికెళ్ళి ఒళ్ళు కాల్చుకుంటే అదో గొడవ." మళ్ళీ ఇటు తిరిగి, "ఒక్క అన్నం, ఒక్క కూర. మేమేమన్నా విందు అడిగామా?" అన్నాడు.

అతను అరవలేదు. కొట్టే మనిషీ కాదు. వంటగదిలోకి వెళ్ళి ఒక్కో గిన్నె మూత తీసి, ఖాళీగా ఉందని తెలిసి తెలిసి మూత తీసి, ఠంగుమని పెట్టసాగాడు. ఒక మూత, ఇంకో మూత. ఆ చప్పుళ్ళు వింటూ పడుకోవడం కంటే లేచి నిలబడటమే తేలికనుకోవడం ఆమె ఒంటికి పందొమ్మిదేళ్ళ అలవాటు. ఒళ్ళే లేచింది. లేవకుండా ఉండాల్సిందని తర్వాత కొన్ని వందల సార్లు అనుకుంది. గోడవైపు తిరిగి పడుకుని ఉంటే ఏమయ్యేది? మహా అయితే పది మూతలు మోగేవి. ఇంట్లో ఉన్నవే ఆరు గిన్నెలు.

చేతులు కడుక్కుంది. ఇరవై దాకా. కూర తాలింపు మాడకుండా చూస్తూ మధ్యలో రెండుసార్లు బాత్రూమ్‌లోకి పరిగెత్తింది. ఆ తలుపు గడియ, కుళాయి, తుడుచుకున్న తువ్వాలు, అన్నీ కంటికి కనపడుతూనే ఉన్నాయి. వంటశాలలో ఇంకెవరన్నా ఇలా చేస్తే ఏప్రన్ విప్పించి బయటికి పంపేది. మామయ్య గిన్నె తీసుకుని అన్నం, కూర వేసింది. గరిటె అందుకుంది. ఒక్క క్షణం ఆగింది. గరిటెతో అయితే గింజలు మిగులుతాయి. గరిటె పక్కన పెట్టి, మళ్ళీ చేతులు కడుక్కుని, వేళ్ళతో మెత్తగా పిసికింది.

"నువ్వు తిన్నావా అమ్మాయ్?" అన్నాడాయన గిన్నె అందుకుంటూ.

గురువారం పొద్దున భర్తకి మొదలైంది. ఒక రోజు మంచం దిగలేదు. జావ తెచ్చిమ్మన్నాడు, కిటికీ వెయ్యమన్నాడు, తియ్యమన్నాడు, మర్నాటికి లేచి కూర్చున్నాడు. కూతురికేం కాలేదు. మామయ్యకి గురువారం మధ్యాహ్నం మొదలైంది. రాత్రికి గొంతు పూడుకుపోయింది, నాలుక ఎండిపోయింది. ఆసుపత్రిలో సూది గుచ్చడానికి నరం దొరకలేదు. డాక్టరు కాగితం మీద రాసుకుంటూ అడిగాడు. "ఇంట్లో ముందు ఎవరికి వచ్చింది?"

"నాకు."

"వంట ఎవరు చేశారు?"

"నేనే."

ఎవరు చెయ్యమన్నారని అడగలేదు. ఆ కాగితంలో అందుకు గడి లేదు. భర్త పక్కనే నిలబడి గోడ మీది గడియారం చూస్తున్నాడు.

శనివారం సాయంత్రం మామయ్యకి కాస్త తెలివొచ్చింది. ఆమె చెంచాతో నీళ్ళు పోస్తుంటే ఏదో అన్నాడు. వినపడక చెవి దగ్గరగా పెట్టింది. "ఆ రోజు ఆ గుడ్లు నేను ఉడకబెట్టేసి ఉంటే సరిపోయేదమ్మాయ్. వాడి మాటకి ఊరుకున్నా." ఆయన ఆమెని ఓదార్చడానికి అనలేదు. నిజంగానే తన తప్పని అనుకుంటున్నాడు. కళ్ళలో నీళ్ళు రావడానికి కూడా ఆ ఒంట్లో తడి లేదు. ఆదివారం తెల్లవారాక పోయాడు.

ఇంటి నిండా మనుషులు. అందరికీ టీ కావాలి. ఆమె వంటగదిలో కప్పులు కడుగుతుంటే ఆడపడుచు వెనక నుంచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది.

"ఊరందరికీ పాఠాలు చెప్తావు కదా వదినా. మా నాన్న దగ్గరికొచ్చేసరికి గుర్తు రాలేదా?"

ఆమె తల తిప్పి భర్తవైపు చూసింది. అతను గడప దగ్గరే ఉన్నాడు, అంతా విన్నాడు. ఒక్క మాట చాలు. నేనే లేపానని, తను చెబుతూనే ఉందని, ఒక్క మాట. అతను చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి "ఊరుకో. అయిపోయిందిగా. తను మాత్రం తెలిసి చేసిందా?" అన్నాడు.

తెలిసే చేసింది. అక్కడున్న అందరికంటే బాగా తెలిసి చేసింది. తెలియదని అతను తనని క్షమించేస్తున్నాడు, నలుగురిలో, పెద్ద మనసుతో. ఆమె చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. మామయ్య పోయినందుకు అప్పటిదాకా ఏడ్చింది. ఆ మాట విన్నాక ఆ పూటకి ఏడుపు కూడా ఆగిపోయింది.

మళ్ళీ పనిలో చేరిన వారానికి కొత్తవాళ్ళు ఆరుగురు వచ్చారు. సబ్బక్క చేతుల పాఠం చెప్పింది. గోడ మీది కాగితం చదివింది. పసివాళ్ళూ ముసలివాళ్ళూ అనే చోట గొంతు పెరగలేదు, తగ్గింది. నలభై ఏళ్ళావిడ ఒకామె, ఇదివరకు ఏదో హాస్టల్లో వండిందట, నవ్వుతూ "మరి ఇంట్లో అయితేనో అక్కా? ఇంట్లో మనమేగా" అంది. మిగతావాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వేస్తుందని ఎదురుచూశారు.

"నేను వండాను" అంది సబ్బక్క. "మా మామయ్య పోయారు."

కుళాయి ఎవరో సరిగ్గా కట్టలేదు, సన్నగా కారుతోంది. అడిగినావిడ వెళ్ళి కట్టేసి వచ్చి "అయ్యో" అంది. ఆ తర్వాత చాలాసేపటికి, ఎవరూ అడక్కుండానే, "నేనూ వండానక్కా. పోయినేడు మా పిల్లాడికి తగ్గడానికి చాలా రోజులు పట్టింది" అంది. ఇంకొకామె కళ్ళు దించుకుంది. ఆ పూట పాఠం నవ్వుతో ముగియలేదు.

రెండు నెలలకి కడుపులో మళ్ళీ అదే తిప్పుడు. మళ్ళీ మేనేజరు పంపించేసింది, మళ్ళీ బస్సు, మళ్ళీ సంచి. ఈసారి సంతోషమేమీ లేదు. ఇంటికొస్తే తలుపు తీసే మనిషి కూడా లేడు, తాళం తనే తీసుకుంది. ముందుగదిలో మామయ్య కుర్చీ మీద మడతపెట్టని బట్టలు పోగుపడి ఉన్నాయి. వాటివంక చూసి, వాటినలాగే వదిలేసి వెళ్ళి పడుకుంది.

సాయంత్రం భర్త వచ్చాడు. స్టవ్ చూశాడు. ఆమెని ఒక్క మాట అనలేదు, మూతలు తియ్యలేదు. అంతమాత్రం నేర్చుకున్నాడు. మంచం పక్కన నేల మీద కూర్చుని చదువుకుంటున్న కూతురివైపు తిరిగాడు. పదిహేనేళ్ళ పిల్ల, మర్నాడు లెక్కల పరీక్ష.

"నువ్వు లే తల్లీ. మీ అమ్మకి బాలేదు. ఏదో ఒకటి వండి పడెయ్."

ఆ పిల్ల పేజీ పోకుండా పుస్తకంలో వేలు పెట్టి, పుస్తకం మూసి, లేచింది. ఎంత తేలిగ్గా లేచిందంటే, ఆ ఒంటికి కూడా అప్పుడే అలవాటైపోయినట్టుంది. అది చూసి సబ్బక్క మోచేతి మీద లేచింది.

"కూర్చో" అంది. "పుస్తకం తియ్యి."

పిల్ల కూర్చుంది.

"మీరు లేవండి."

అతను నిలబడే ఉన్నాడు. ఆ మాట తనకేనని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "నాకేం వచ్చు?" అన్నాడు.

"మామయ్యకీ రాదు. గుడ్లు ఉడకబెడతానన్నారు."

రెండు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. అతని మొహం ఎలా మారిందో ఆమె చూడలేదు, గోడవైపు తిరిగింది. తలగడ తడి చెంపకి తగిలాక గానీ ఏడుస్తున్నానని ఆమెకి తెలియలేదు.  వెనక అడుగులు వంటగదిలోకి వెళ్ళాయి. కుళాయి తిప్పిన చప్పుడు, వెంటనే కట్టేసిన చప్పుడు.

"ఇరవై దాకా" అంది ఆమె, అటు తిరిగి పడుకునే.

నీళ్ళు మళ్ళీ పారాయి. ఈసారి కాసేపు పారాయి. అర తెరిచాడు, మూశాడు, ఇంకోటి తెరిచాడు.

"గుడ్లు ఉడకబెట్టే గిన్నె ఎక్కడుంది?"

కూతురు చెప్పడానికి నోరు తెరిచింది. సబ్బక్క ఇటు తిరిగి పిల్ల చెయ్యి పట్టుకోబోయి, గుర్తొచ్చి, తన చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.

"చెప్పకు" అంది. "వెతుక్కోనీ."