మనిషికో తాడు

మైపాడుకు కాస్త దక్షిణంగా ఉన్న ఆ పల్లెలో, తెల్లారగానే గురవమ్మ చేసే మొదటి పని దడి సందులోంచి తోడికోడలి వాకిట్లోకి చూడటం. పళ్లపొడి నోట్లో ఉండగానే చూసేది. పిచ్చమ్మ పొయ్యి రాజుకుందా, ఎవరైనా వచ్చి పలకరించి పోతున్నారా, ఆరేసిన చేపలు తన చేపలకన్నా పెద్దవా చిన్నవా, ఇవన్నీ తేలాకే పుక్కిలించి ఉమ్మేది.

ఆ తర్వాత ఒడ్డుకు పోయేది. గురవమ్మే కాదు, పల్లె మొత్తం పోయేది. నైలాను దారం ఇంకా రాలేదు, పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. అలివి వల లాగడమంటే ఊరుమ్మడి పని. పడవ ఆ పెద్ద వలను సముద్రంలోకి తీసుకుపోయి చుట్టు తిరిగి వస్తుంది. వల రెండు కొసలకూ రెండు పొడుగాటి తాళ్లు. ఉత్తరాన ఒక గుంపు, దక్షిణాన ఒక గుంపు చెరో తాడూ పట్టి లాగుతూ, లాగేకొద్దీ ఒకరి వైపు ఒకరు జరుగుతూ వస్తారు. వల ఒడ్డుకు చేరేసరికి రెండు గుంపుల మధ్య ఒక మనిషి పడుకునేంత ఎడమే మిగులుతుంది.

తాళ్ల తోకలు మాత్రం లాగేవాళ్లవి కావు. ఉత్తరం తాడు తోక ముసలివాళ్లది, దక్షిణం తాడు తోక అవిటివాళ్లది. ఇసకలో కూర్చుని తోక మీద చెయ్యి వేస్తే ఒంట్లోని నొప్పి తాడులోకి దిగి, లాగేవాళ్లందరికీ తలా కాస్త పంపకమైపోయేది. ఒకడికి మోకాలు కలుక్కుమనేది. ఒకడికి దగ్గు తెర వచ్చేది. ఇంకొకడు నడుం పట్టుకుని "ఇది మా అవ్వదే, గుర్తుపట్టినా" అని నవ్వేవాడు. చద్దన్నం తినే వేళకు అంతా సర్దుకునేది. వయసులో ఉన్నవాళ్లెవరూ గొణిగేవాళ్లు కాదు. ఇవాళ లాగేవాడే రేపు తోక దగ్గర కూర్చుంటాడు. నెల్లూరు ఆసుపత్రి చూస్తే దూరం, తాడు చూస్తే చేతికి దగ్గర.

ఒక్కటే పేచీ. ఉత్తరం తాడు కీళ్ల వాతం, ఆయాసం లాంటి ముసలితనపు బాధలే తీసుకునేది. దక్షిణం తాడు కాలూ చెయ్యీ వంకరపోయిన, కళ్లు పోయిన అవిటి బాధలే తీసుకునేది. ఒకదాని బాధ ఇంకోదాని మీద పెడితే తాడు కొయ్యలా పడి ఉండేది. తాతల నాటి ఏర్పాటు అది. ఎందుకని ఎవరూ అడగలేదు.

పిచ్చమ్మకు చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో ఎడమకాలు ఎండిపోయింది. అందుకని దక్షిణం తాడు ఆమెకు ఎప్పటినుంచో ఉంది. ఈమధ్య వయసు మీద పడి ఆయాసం కూడా పట్టుకుంది. దాంతో కాసేపు దక్షిణం తోక పట్టుకుని కూర్చుని, గుంపులు దగ్గరపడ్డాక కర్ర ఊతంతో ఉత్తరం తోక దగ్గరికి వచ్చేది. "రా అత్తా, ఇట్టా కూర్చో" అని జనం జరిగి చోటిచ్చేవాళ్లు.

అది చూస్తే గురవమ్మకు ఒళ్లు భగ్గుమనేది. అసలు ఆ మంట ఈనాటిది కాదు. ఇద్దరూ ఒకే ఇంటికి కోడళ్లుగా వచ్చారు. పిచ్చమ్మ మొగుడు పెళ్లాన్ని భుజాన ఎత్తుకుని ఒడ్డుకు తెచ్చేవాడు. గురవమ్మ మొగుడు వెనక్కి తిరిగి చూడకుండా ముందు నడిచేవాడు. కుంటిదని అత్త పిచ్చమ్మకు కూర్చుని చేసే పనులు చెప్పి, నీళ్లకు గురవమ్మను పంపేది. మొగుళ్లు పోయారు, అత్త పోయింది, మంట మాత్రం ఆరలేదు. పిచ్చమ్మ ఎండిపోయిన కాలు కూడా గురవమ్మ కంటికి ఒక భాగ్యంలాగే కనిపించేది. ఇప్పుడు ఆ భాగ్యానికి రెండు తాళ్లు తోడయ్యాయి.

ఇక తట్టుకోలేక గురవమ్మ పెద్దకాపు దగ్గరికి పోయింది. పల్లెలో తగవులు తీర్చేది ఆయనే. పేరు చిన్నపోలయ్య, గురవమ్మకు వరసకు మరిది.

"ఏంది పోలయ్యా ఈ న్యాయం? నేను ముసల్దాన్ని, నాకొక తాడు. గంగులయ్యకు కళ్లు లేవు, ఆయనకొక తాడు. మహారాణికి మాత్రం రెండా? ఆమె బాధంతా రెండు దిక్కులా పంచేసి రేతిరంతా గుర్రు పెట్టి నిద్రపోతా ఉండాది."

"పాపం, ఆమెకు రెండు బాధలు ఉండాయి గదా వదినా."

"అయితే రేపు నేను కూడా కాలు ఈడ్చుకుంటా వస్తా. ఊరంతా ఈడ్చుకుంటా వస్తాది. అప్పుడు లాగేదెవరు?"

చిన్నపోలయ్య తుపానుకు భయపడడు గానీ ఆడవాళ్ల తగవుకు భయపడతాడు. మనిషికో తాడే అని కట్టుబాటు పెట్టేశాడు. వినడానికి న్యాయంగానే ఉందని ఊరంతా తలూపింది. గుడ్డి గంగులయ్య ఒక్కడే "తాడుకేం తెలుసు కట్టుబాట్లు" అని గొణిగాడు.

పిచ్చమ్మ ఒక వలకు ఉత్తరం తోక పట్టుకుంది. ఆయాసం తగ్గింది, కాలు మెలితిప్పేసింది. మరో వలకు దక్షిణం తోక పట్టుకుంది. కాలు ఊరుకుంది, ఊపిరి అందలేదు. ఏ బాధను ఇంట్లో వదిలి రావాలో తేల్చుకోలేక చివరికి ఒడ్డుకు రావడమే మానేసింది. దడి అవతల నుంచి ఆమె దగ్గు వినిపిస్తే గురవమ్మకు కడుపు చల్లబడింది.

ఆ చల్లదనం ఎన్నాళ్లో నిలవలేదు. మంచాన పడ్డదని జనం పిచ్చమ్మ ఇంటికి గంజి తెచ్చిపెట్టడం మొదలుపెట్టారు. గిన్నెల చప్పుడు వింటుంటే గురవమ్మకు అన్నం సయించలేదు. తనకెవరూ ఎప్పుడూ గంజి చుక్క తెచ్చింది లేదు. ఒక పొద్దున గిన్నె మీద మూత తీసిన చప్పుడైంది, చేపల పులుసు వాసన కూడా వచ్చింది. తెచ్చిందెవరో దడి సందులోంచి కనబడలేదు. గురవమ్మ పాత రోలు బోర్లించి, దాని మీదెక్కి, మునివేళ్ల మీద లేచి తొంగి చూసింది.

రోలు దొర్లింది. గురవమ్మ తుంటి మీద పడింది.

కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. కాలు నేల మీద ఆనిస్తే చాలు, నొప్పి గొంతు దాకా వచ్చేది. పల్లెవాళ్లు మంచం మీద మోసుకుపోయి ఒడ్డున దించారు. గురవమ్మ ఉత్తరం తోక పట్టుకుంది. కీళ్ల వాతం పోయింది, తుంటి నొప్పి పోలేదు.

"ఆ తాడు దగ్గరికి కూడా తీసుకుపో పోలయ్యా, నీకు దండం పెడతా" అంది.

చిన్నపోలయ్య తల గోక్కున్నాడు. "మనిషికో తాడు వదినా. నువ్వు పెట్టిచ్చిన కట్టుబాటే. నీకోసం తీసేస్తే ఊరు నా మొహాన ఉమ్మేస్తాది."

ఇంటికొచ్చి గురవమ్మ గోడ వైపు తిరిగి ఏడ్చింది. నొప్పికి కొంత, సిగ్గుకు కొంత. దడి అవతల ఆ ఏడుపు వినబడ్డట్టుంది. కర్ర టకటకమంటూ పిచ్చమ్మ వచ్చి గుమ్మంలో కూలబడి, ఊపిరి అందేదాకా ఆగింది.

"అక్కా, పొద్దున వల వేస్తా ఉండారంట. పోదాం రా. నువ్వు ఉత్తరం తాడు పట్టుకో, నేను దక్షిణం తాడు పట్టుకుంటా."

"నన్ను చూసి నవ్వేదానికి పిలుస్తా ఉండావా?"

"నవ్వే ఊపిరి నాకు యాడుండాదక్కా. రా, చెప్తా."

మర్నాడు ఇద్దరినీ రెండు మంచాల మీద తీసుకుపోయి రెండు తోకల దగ్గరా కూర్చోబెట్టారు. వల లాగడం మొదలైంది. గుంపులు జరుగుతున్నకొద్దీ మంచాలూ జరిగాయి. వల నురగలో కనబడేసరికి తోడికోడళ్లు ఎదురెదురుగా ఉన్నారు. గురవమ్మ కుడిచెయ్యి ఉత్తరం తాడు మీద ఉంది. పిచ్చమ్మ ఎడమచెయ్యి దక్షిణం తాడు మీద ఉంది. పిచ్చమ్మ రెండో చెయ్యి చాపింది.

"చెయ్యి ఇయ్యక్కా. ఎవరి తాడు వాళ్లదే. కట్టుబాటు తప్పలేదు."

చిన్నపోలయ్య చూశాడు. చూడనట్టు సముద్రం వైపు తిరిగాడు.

పెళ్లినాడు పసుపు రాసినప్పుడు తప్ప గురవమ్మ ఆ చెయ్యి ముట్టుకోలేదు. ఇస్తే చిన్నతనం, ఇవ్వకపోతే తుంటి. పళ్లు బిగించి చెయ్యి ఇచ్చింది.

ముందు పిచ్చమ్మ బాధ ఇటు వచ్చింది. పిచ్చమ్మ ఒంట్లోంచి ఉత్తరం తాడులోకి పోయే దారిలో అది గురవమ్మను దాటుకునే పోవాలి. ఆయాసం గుండె మీద రోకలిలా పడింది. దాని వెనక, దారి తప్పిన ఆ ఎండిన కాలి నొప్పి కూడా కాస్త వచ్చింది. రాత్రుళ్లు నిద్రపోనివ్వని మెలి అది, ఏడేళ్ల పిల్లప్పటి నుంచి ఒక్కరోజు వదలని మెలి. మొగుడి భుజం మీద కూర్చున్నప్పుడు కూడా ఉన్న మెలి. ఆ తర్వాత తన తుంటి నొప్పి అటు, దక్షిణం తాడులోకి వెళ్లిపోయింది.

అది పోయాక ఇంకొకటి కదిలింది. కడుపులో ఇన్నేళ్లుగా ఉన్న మంట. దాన్ని ఏ తాడూ ఎప్పుడూ తీసుకోలేదు. అది ముసలితనమూ కాదు, అవిటితనమూ కాదు. ఇప్పుడు రెండు తాళ్లూ కలిసేసరికి దానికీ దారి దొరికింది. సగం ఉత్తరానికి, సగం దక్షిణానికి పోయింది.

ఒడ్డున అందరూ ఒక్కసారి కడుపులు తడుముకున్నారు. చేపలు పంచేటప్పుడు ఒకరి పాలు ఒకరు ఓరకంట చూసుకున్నారు. "నీ కుప్పలో పెద్దవి పడినట్టుండాయే" అన్నాడొకడు. "నీ పెళ్లానికి కొత్త కోక యాడిదిరా" అన్నాడింకొకడు. చిన్నపోలయ్యకు గంగులయ్య చొక్కా మీద ఎందుకో కన్ను పడింది. అందరికీ పంచేసరికి ఆ మంట ఎవరికీ చీమ కుట్టినంత కూడా లేదు. చద్దన్నం వేళకు పోయింది.

గురవమ్మ పిచ్చమ్మ కుప్ప వైపు చూసింది. అందులో చేపలు తనవాటికన్నా పెద్దవే. మంట వస్తుందని కాచుకుని కూర్చుంది. రాలేదు.

"ఇంత నెప్పి ఉండాదని నాకు ఎప్పుడూ చెప్పలేదేందే?" అంది.

"నువ్వు ఎప్పుడూ అడగలేదు గదక్కా" అంది పిచ్చమ్మ.

తర్వాతి వలకు గుంపులు దగ్గరపడగానే చిన్నపోలయ్య ఎవరికీ చెప్పకుండా రెండు తోకలనూ ఒక ముడి వేసి కూర్చున్నాడు. ముసలివాళ్లూ అవిటివాళ్లూ ఆ ముడి చుట్టూ గుండ్రంగా చేరారు. గురవమ్మను దించిన మనిషి ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

గురవమ్మ జరిగి పిచ్చమ్మ పక్కన చోటు చేసుకుంది.