వెనక్కి ఎక్కించాల్సిన కారు

ఎమిల్ వోండ్రా గారికి ఎనభై ఒక్కేళ్ళు. ఆయన కారుకి అరవై దాటాయి. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ మొండితనమో మా విల్బర్ ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

అది లేత నీలం కార్వేర్. అన్ని కార్లకీ ఇంజను ముందుంటే దీనికి వెనక ఉంటుంది, ముందున్నది సామాన్ల డిక్కీ. తుప్పు పట్టి ఎవరి పొలంలోనో పడి ఉన్నదాన్ని తెచ్చుకుని, పదకొండేళ్ళు తన కొట్టాంలో కూర్చుని ఒక్కొక్క బోల్టూ మార్చుకున్నాడాయన. ఆ పదకొండేళ్ళలో గానీ, ఆ తర్వాత గానీ దాని స్టీరింగ్ ఇంకొకరు ముట్టుకోలేదు. ఆయన భార్య రోజ్ కూడా పోయేదాకా పక్క సీట్లోనే కూర్చుంది.

నా పేరు ఆర్లీన్ కుబిచెక్. ముప్ఫై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపి పోయినేడాది దిగాను. ఇంట్లో కూర్చుంటే నెల తిరక్కుండా మా ఆయనా నేనూ కొట్టుకు చస్తామని ఇద్దరికీ తెలిసిపోయింది. అందుకని దాచుకున్న డబ్బుతో ఒక ట్రైలర్ కొన్నాను. మా వైపు పాత కార్లంటే ప్రాణం పెట్టే ముసలాళ్ళ క్లబ్బు ఒకటుంది. ఎండాకాలం వస్తే వాళ్ళ కార్లు ఏదో ఒక ప్రదర్శనకి పోవాల్సిందే. వాటిని మోసుకెళ్ళే పని నాకివ్వమని క్లబ్బుకి వెళ్ళి అడిగాను. అందరూ నవ్వుతూ "చూద్దాం" అన్నారు. ఆర్నెల్లు గడిచినా ఫోను మోగలేదు. ఆడదాని చేతికి కారివ్వడమా అని వాళ్ళ బాధేమో అనుకుని, లోలోపల ఉడికిపోయాను.

మే నెలలో ఎమిల్ గారు ఫోన్ చేశాడు. పక్క రాష్ట్రం కాన్సాస్‌లో సలీనా దగ్గర ప్రదర్శన, క్లబ్బు మొత్తం పోతోంది, నా కారు తీసుకెళ్తావా అని. తనే నడుపుకుంటూ పోవచ్చుగా అని నాకు తట్టకపోలేదు. నూట ముప్ఫై మైళ్ళు తోలితే ఇంజను వేడెక్కుతుంది అన్నాడు, నమ్మాను. ఆయన మాటంటే క్లబ్బులో వేదం. ఆయన బాగుందంటే నాకు పనే పని, బాగాలేదంటే ట్రైలర్ అమ్ముకోవడమే. ఆ ఒక్క ప్రయాణం మీద నా బతుకు ఆధారపడి ఉందని ముందు రోజంతా అన్నం సయించలేదు.

పొద్దున్నే వెళ్ళేసరికి ఆయన కారు తుడిచి సిద్ధంగా పెట్టాడు. ర్యాంపులు దించి, దీన్ని వెనక్కి ఎక్కించాలండీ అన్నాను. ట్రైలర్ సంగతి ఇది: ఎక్కిన బరువు కాస్త ముందుకుండాలి. నూటికి పది పన్నెండు పాళ్ళు లాగే బండి కొక్కెం మీద పడాలి. బరువంతా తోక వైపుంటే ట్రైలర్ రోడ్డు మీద తోకాడిస్తుంది, ఒకసారి మొదలైతే లాగే బండిని కూడా పక్కకి ఈడుస్తుంది. కార్వేర్ బరువంతా వెనక ఉంది కాబట్టి, ఆ వెనక భాగం ట్రైలర్‌ని లాగే నా పికప్ ట్రక్కు వైపు రావాలి.

"నా కారేమన్నా పీత అనుకున్నావా, వెనక్కి నడవడానికి?" అన్నాడు.

విషయం చెప్పాను. ఆయనకి తెలియని విషయం కాదు. అయినా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పెళ్ళికి పోయేవాళ్ళు వీపు చూపిస్తూ పోతారా అన్నాడు. స్కూలు బస్సమ్మాయి నాకు కార్లు నేర్పుతుందా అన్నాడు. అరవై ఏళ్ళ నన్ను అమ్మాయి అన్నందుకు సంతోషించాలో కోప్పడాలో తెలియలేదు. చివరికి, కుదరదంటే చెప్పు, ఇంకెవరినైనా చూసుకుంటా అనేశాడు.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది, ఇక్కడ చెప్పను. సరే అన్నాను. ఆయన కూర్చుని, కారుని ముక్కు ముందుకి పెట్టి తిన్నగా ఎక్కించేశాడు. ఇంకాస్త ముందుకి జరుపుదామంటే ట్రైలర్ ముందున్న పనిముట్ల పెట్టె అడ్డమొచ్చింది.

కట్టడంలో మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. గేరులో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేశాం. నాలుగు చక్రాలకీ నాలుగు పట్టీలు వేసి నేలకి బిగించాను. పాత కార్లని ఒంటికి కడితే రోడ్డు గతుకులకి స్ప్రింగులు ఊగి పట్టీ వదులవుతుంది, చక్రాలకి కడితే పైన ఒళ్ళు ఎంత ఊగినా కట్టు కదలదు. పట్టీ రాసుకునే చోట మెత్తటి గుడ్డ చుట్టాను. మిగిలిన కొసలు గాలికి కొట్టుకుని రంగు గీరకుండా ముడేశాను. పికప్‌కీ ట్రైలర్‌కీ మధ్య గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేశాను. ఆఖరున బస్సు చుట్టూ రోజూ తిరిగినట్టే ఒక చుట్టు తిరిగి చూశాను.

ఎమిల్ గారు వచ్చి పట్టీని అరచేత్తో ఒక్కటిచ్చి, "ఇంకెక్కడికీ పోదిది" అన్నాడు. మా వైపు మగాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. గడ్డిమోపు కట్టినా, మంచం కట్టినా, దాన్నొకటి కొట్టి ఈ మాట అనందే బండి కదలనివ్వరు. కొడితే కట్టు బిగుస్తుందా ఏమన్నా?

బయల్దేరాం. కొక్కెం మీద బరువు చాలక పికప్ నడుం వంగాల్సినంత వంగలేదని అద్దంలో తెలుస్తూనే ఉంది. పది మైళ్ళకి ఆపి పట్టీలు మళ్ళీ చూశాను, ఒకదాన్ని కాస్త బిగించాను. ఎమిల్ గారు గసగసాలు పెట్టిన కొలాచీ బన్ను తింటూ, ఇలా పది మైళ్ళకోసారి ఆగితే క్రిస్మస్‌కి చేరతాం అన్నాడు. నేను నవ్వి బండి తీశాను.

ఎనభై ఒకటో నంబరు రోడ్డు మీద కాన్సాస్ సరిహద్దు దాటాక పడమటి గాలి లేచింది. పక్కనుంచి పెద్ద లారీ ఒకటి దాటిపోయింది. అది అలా దాటిందో లేదో ట్రైలర్ తోకాడించడం మొదలుపెట్టింది. ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం. పికప్ వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని అటూ ఇటూ గుంజుతున్నట్టుంది. అప్పుడు బ్రేకు తొక్కామా, అంతే సంగతులు. కాలు తీసేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ట్రైలర్‌కి విడిగా ఉన్న చేతి బ్రేకుని రెండు వేళ్ళతో మెల్లగా నొక్కాను. ఊగి ఊగి, వేగం ముప్ఫై ఐదు మైళ్ళకొచ్చాక నెమ్మదించింది. ఎమిల్ గారి కొలాచీ కింద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు.

కనపడ్డ మొదటి ధాన్యం గోదాము ఆవరణలోకి తిప్పి ఆపాను. దిగి చూస్తే నాలుగు పట్టీలూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. తప్పు కట్టులో లేదు, పొద్దున నేనన్న 'సరే'లో ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. బస్సులో అరవై మంది పిల్లలుండగా ఎవరైనా ఇలా నడపమంటే నడిపేదాన్నా?

"తప్పు మీది కాదు, నాది" అన్నాను. "తెలిసీ ఒప్పుకున్నా. ఇక ఇలా మాత్రం ఒక్క మైలు కూడా రాను. తిప్పి ఎక్కిద్దామంటే సలీనా పోదాం. లేదంటే మెల్లగా ముప్ఫైలో మీ ఇంటికి తీసుకెళ్ళి దింపుతా. మీ క్లబ్బులో నా గురించి ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి."

ఆయన కారు వంకే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండి ఇంకో మాట కూడా అన్నాను. "అసలు అక్కడికెళ్ళాక దించేదెలా అనుకున్నారు? ముందుకెక్కింది వెనక్కే కదా దిగాలి?"

"మూడు రాత్రుల్నుంచీ అదే ఆలోచిస్తున్నా" అన్నాడు.

ఆ గొంతు విని నా కోపం చప్పున చల్లారింది. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మెడ తిరగట్లేదు ఆర్లీన్. మార్చి నుంచీ. ఊళ్ళో ముందుకైతే నడుపుతా, పెద్ద రోడ్డెక్కి పక్కకి చూడాలన్నా, వెనక్కి నడపాలన్నా గుడ్డివాణ్ణే. ఆ చిన్న అద్దంలో నాకేం కనపడి చస్తుంది? ఎవరికీ చెప్పలేదు."

అప్పుడు వెలిగింది నాకు. పొద్దుటినుంచీ నేను పిలిస్తే తల తిప్పకుండా ఒళ్ళంతా తిప్పుతుంటే, అదేదో పెద్దరికం అనుకున్నాను. ఇంజను వేడీ, పీతా, పెళ్ళీ అన్నీ దీన్ని కప్పుకోవడానికే.

ఆయన జేబులోంచి తాళం చెవి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఇవ్వమంటే ఇచ్చేసేవాడే. నేను ఎక్కి కూర్చుంటే పది నిమిషాల పని. కానీ స్కూలు ఆఫీసు బల్ల మీద బస్సు తాళాలు పెట్టిన రోజు నాకింకా నిన్నటిలాగే ఉంది. ఇంటికి నడుచుకుంటూ పోయి, కొట్టు గదిలో కూర్చుని ఏడ్చాను. ఆ చెయ్యి చూస్తూ ఆ తాళం తీసుకోవడం నా వల్ల కాలేదు.

"మీరే తియ్యండి" అన్నాను. "వెనక్కి చూడొద్దు, అద్దంలో చూడొద్దు. నన్నే చూడండి. నా చెయ్యి ఎటంటే అటు. నా చెయ్యి ఆగితే ఆగాలి."

"జారితే?"

"జారితే మీ కారూ పోతుంది, నా పనీ పోతుంది. జారదు."

పట్టీలు విప్పి, ర్యాంపులు దించి, పనిముట్ల పెట్టె మీదకెక్కి నిలబడ్డాను. అక్కణ్ణుంచి ఆయన ముఖమూ కనపడుతుంది, వెనక ర్యాంపులూ కనపడతాయి. రెండు చేతులూ ఎత్తాను. ఆయన కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి. జానెడు జానెడు చొప్పున దించాడు. కారు నేల మీదకి దిగి, ఆవరణంతా ఒక చుట్టు తిరిగి, ట్రైలర్‌కి వీపు పెట్టి నిలబడింది.

ఎక్కించడం దించినంత సులువు కాదు. నేను కారు ముక్కుకి పదడుగుల దూరంలో గొంతుక్కూర్చున్నాను. కింద నుంచి చూస్తే వెనక చక్రాలూ ర్యాంపులూ ఒకే వరసలో కనపడ్డాయి. కుడికి అన్నాను, కొంచెం ఎక్కువ తిప్పాడు. ఎడమ చక్రం ర్యాంపు అంచు మీద పడింది. పిడికిలి బిగించాను. ఆపేశాడు. ఆయన పై పెదవి మీద చెమట నాకు కనపడుతోంది, నా చెమట ఆయనకీ కనపడే ఉంటుంది. ఒక అడుగు ముందుకి రమ్మన్నాను, మళ్ళీ వెనక్కి పంపాను. ఈసారి రెండు చక్రాలూ మధ్యలో పడ్డాయి. ఇంజను గట్టిగా అరిచింది, కారు ఎక్కింది. పికప్ నడుం వంగాల్సినంత వంగింది.

మళ్ళీ మొదటినుంచీ కట్టాను. ఆయన పక్కన నిలబడి ఒక్కొక్క పట్టీ అందించాడు. ఆ తర్వాత అరవైలో పోయినా, లారీలు పక్కనుంచి దాటినా, ట్రైలర్ మా వెనకాల బుద్ధిగా వచ్చింది. మైలు మైలుకీ ఆయన గొంతు పెరిగింది. రోజ్ ఈ కారుకి పెట్టిన పేర్లన్నీ చెప్పాడు, సగం బూతులే.

సలీనా మైదానంలో క్లబ్బు వాళ్ళు అప్పటికే కుర్చీలేసుకుని కూర్చున్నారు. కట్లు విప్పాను. ఎమిల్ గారు ఎక్కి కూర్చుని, ముక్కు ముందుకి పెట్టి, తిన్నగా చూస్తూ దర్జాగా దిగాడు. నాలుగు కెమెరాలు లేచాయి. కానీ క్లబ్బు అధ్యక్షుడు డెల్మర్‌కి నోరూరుకోదు. "ఏంటి ఎమిల్, కారుని వెనక్కి మోసుకొచ్చావ్? ఎవరు ఎక్కించారేంటి?" అని నా వంక చూసి కన్ను గీటాడు. తక్కినవాళ్ళు నవ్వారు.

జవాబు నా నాలుక చివర ఉంది. కానీ జరిగిందంతా చెప్తే ఆయన దాచుకున్నది బయటపడుతుంది. చెప్పకపోతే ఆర్లీన్‌కి కారు ఎక్కించడం రాదన్న మాట సాయంత్రానికల్లా ఊరు చేరుతుంది. పట్టీలు చుట్టుకుంటూ నోరు మూసుకున్నాను.

ఎమిల్ గారు కారు దిగాడు. ఒళ్ళంతా తిప్పి డెల్మర్ వైపు నిలబడ్డాడు.

"దీన్ని వెనక్కే ఎక్కించాలి. పొద్దున ఈవిడ చెప్పింది, నేనే వినలేదు. దారిలో చావు తప్పింది. బండి ఆపేసి, ఇలా అయితే రాను, మీ క్లబ్బుకేం చెప్పుకుంటారో చెప్పుకోమంది. నా మెడ తిరగదు డెల్మర్, మార్చి నుంచీ. ఈవిడ చేతులు చూసుకుంటూ నేనే ఎక్కించా."

ఎవరూ నవ్వలేదు. డెల్మర్ కాఫీ కప్పు కుర్చీ కింద పెట్టి లేచాడు. లేవడానికి కాస్త కష్టపడ్డాడు. కుంటుకుంటూ ట్రైలర్ దాకా వచ్చి, పట్టీలు చూస్తున్నట్టు నటిస్తూ, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"నా ఎడమ మోకాలు క్లచ్ తొక్కనివ్వట్లేదు. ఆగస్టులో నాది తీసుకెళ్తావా?"

నేను జవాబిచ్చేలోపే వెనక కుర్చీల్లోంచి ఒక ముసలి గొంతు వినపడింది.

"గట్టిగా చెప్పవయ్యా డెల్మర్. మాకూ ఉన్నాయి మోకాళ్ళు."