లేరన్న ఒక్క మాట

ఆ బడి గుమాస్తాకి రెండు విషయాల్లో గర్వం. ఒకటి తన చేతిరాత. ముత్యాల్లా ఉందని ఎవరైనా మెచ్చుకుంటే, ముత్యాలు ఇంత గుండ్రంగా ఎక్కడుంటాయని లోపల అనుకునేవాడు. రెండోది, ఇరవై రెండేళ్ళుగా తాను రాస్తున్న అడ్మిషన్ రిజిస్టరులో ఒక్క కొట్టివేత కూడా లేకపోవడం. హెడ్మాస్టర్లు మారారు, పైకప్పు రెండుసార్లు కారింది, ఒక ఏడాది ఎలుకలు హాజరుపట్టీ మొత్తం తినేశాయి. రిజిస్టరు మాత్రం అద్దంలా ఉంది. అంతటి మనిషి ఒక్క మాట దగ్గర పప్పులో కాలేశాడు.

చదువుల ఏడాది సగం గడిచాక ఒక తల్లి తన తొమ్మిదేళ్ళ కూతుర్ని అయిదో తరగతిలో చేర్చడానికి తీసుకొచ్చింది. పిల్ల దగ్గర నాలుగు ఊళ్ళ నాలుగు బదిలీ సర్టిఫికెట్లున్నాయి. వాటికి జిరాక్సులు కావాలని గుమాస్తా అంటే, తల్లి పిల్లని బల్ల మీద కూర్చోబెట్టి ఎదురు షాపుకి వెళ్ళింది. దరఖాస్తులో తండ్రి ఉద్యోగం అన్న చోట సైన్యం అని ఉంది. మాట కలుపుదామని గుమాస్తా, నాన్నగారు రాలేదా అని అడిగాడు.

"నాన్న లేరండి," అంది పిల్ల, బూటు ముందుభాగం చూసుకుంటూ.

మన భాషలో ఈ లేరు అన్న మాట ఉందే, మహా తంటాలమారి. ఇంట్లో లేకపోయినా లేరే, లోకంలో లేకపోయినా లేరే. గుమాస్తా ఒకసారి సైన్యం అన్న మాట చూశాడు, ఒకసారి వంచిన తల చూశాడు, రెండూ రెండూ కలిపి అయిదు చేశాడు. ఇంకో ప్రశ్న వేస్తే పాపమనుకుని, రిజిస్టరులో రిమార్కుల గడి నిండేలా 'తండ్రి లేరు' అని రాశాడు. తల్లి జిరాక్సులతో తిరిగొచ్చేసరికి లేచి నిలబడి తన కుర్చీ ఆవిడకిచ్చాడు. ఆ కుర్చీ తనిఖీకొచ్చిన అధికారులకే ఎన్నడూ ఇచ్చి ఎరగడు.

అంతకు వారం ముందే హెడ్మిస్ట్రెస్‌కి పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. సైనికుల పిల్లలకి బడులు ఎలా అండగా ఉండాలన్నది విషయం, మొత్తం ఏడు పేజీలు. ఆవిడ మొదటి పేజీ చదివింది. అక్కడ సానుభూతితో మెలగాలని ఉంది. మిగతా ఆరు పేజీలూ అదే చెబుతాయని ఫైలులో పెట్టించేసింది. మనసు వెన్నే గానీ, ఏ పనైనా ఉత్సవంలా చేస్తే తప్ప ఆవిడకి చేసినట్టుండదు. గుమాస్తా సంగతి చెప్పగానే కళ్ళు తుడుచుకుని, ఆ సాయంత్రమే టీచర్లందర్నీ పిలిచింది. ఆ పిల్ల ముందు నాన్న అన్న మాట ఎవరి నోటా రాకూడదని, పిల్లని ఎవరూ పల్లెత్తు మాట అనకూడదని చెప్పింది. తల్లి దగ్గర ఆ ప్రస్తావన తెచ్చి పుండు మీద కారం చల్లొద్దని మరీ మరీ చెప్పింది.

ఇక చూడాలి. 'మా నాన్న' అని వ్యాసం రాయించాల్సిన తెలుగు టీచరు 'ఆవు' రాయించింది. నాన్న వచ్చే పాఠాలు మూడుంటే మూడూ దాటేసి, పరీక్షకి ఉన్న ఒక్క పద్యాన్నే నెలంతా చెప్పింది. పరుగుపందెంలో మిగతా పిల్లలకి డ్రిల్లు మాస్టారు ముందే కళ్ళెర్రజేసి పెట్టడంతో, ఆ పిల్ల మధ్యలో ఆగి బూటు లేసు కట్టుకుని కూడా మొదటొచ్చింది. సైన్సు టీచరు ఆ పిల్లని ప్రశ్నలడిగే పనే పెట్టుకోలేదు గానీ, అడిగినా ఇబ్బంది ఉండేది కాదు. కప్ప జీవితచక్రం ఆ పిల్ల నాలుగు బళ్ళలో నాలుగుసార్లు చదివింది. కప్ప గురించి కప్పకే తెలియనన్ని సంగతులు తెలుసు.

అన్నిటికంటే వింత పిడుగు మాస్టారిది. ఆయన లెక్కలు చెబుతాడు. తిట్టడం మొదలుపెడితే పక్క తరగతి పిల్లలు కూడా లేచి నిలబడతారు. అలాంటాయన ఈ పిల్ల బల్ల దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి, "కూర్చో తల్లీ" అనేవాడు. ప్రతి పరీక్షలోనూ నూటికి నూరు వేసేవాడు.

తల్లి రోజూ సాయంత్రం గేటు దగ్గర ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటే, కిటికీలోంచి చూసి టీచర్లు ఎంత గుండె నిబ్బరమో అని ముక్కులు తుడుచుకునేవారు. ఆవిడ మాత్రం ఈ బడివాళ్ళందరికీ జలుబు పట్టుకుందేమో అనుకుంది.

పిల్లకి మొదటి వారం బాగానే ఉంది. రెండో వారానికి తోటి పిల్లలు దూరం జరిగారు. తిట్లు తినని పిల్లతో ఆడుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? మధ్యాహ్నం గంట కొట్టగానే అది గుమాస్తా గదికొచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ముద్రలు వేసేది, కాగితాలు సర్దేది. గుమాస్తాకి ప్రాణం లేచొచ్చినట్టుండేది. తనకి పిల్లల్లేరు. ఆ మాట ఎవరితోనూ అనడు, ఇప్పుడు మాత్రం తరచూ గుర్తొచ్చేది.

ఒక సోమవారం తరగతులకి సుద్దముక్కలు పంచే పని దానికిచ్చాడు. తొంభై ఆరు ముక్కలు, ఎనిమిది తరగతులు. పిల్ల ఎనిమిది డబ్బాలు వరసగా పెట్టి, దీంట్లో ఒకటి, దాంట్లో ఒకటి అని వేస్తూ, చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొస్తోంది. గుమాస్తా కాసేపు చూసి నవ్వాడు. భాగిస్తే క్షణంలో తేలిపోయేదానికి ఇంత తిరుగుడెందుకన్నాడు.

"భాగహారం నాకు రాదండి," అంది పిల్ల తలెత్తకుండా. "పాత బళ్ళో అది వచ్చే ఏడాది అన్నారు. ఇక్కడికొస్తే పోయినేడాదే అయిపోయిందన్నారు."

మరి నూటికి నూరు ఎలా వస్తున్నాయని అడిగాడు. మాస్టారు తన కాగితం చూస్తారని, తర్వాత తనని చూస్తారని, కళ్ళజోడు తీసి తుడుచుకుని వంద వేస్తారని చెప్పింది. లెక్కలేవీ రాక పోయినసారి కప్ప బొమ్మ వేసిందట. దానికీ వందే.

గుమాస్తాకి నవ్వొచ్చింది గానీ పిల్ల ముఖం చూసి మింగేశాడు. ఏడాది చివర మళ్ళీ బదిలీ అట. అక్కడి బళ్ళో చేరాలంటే పరీక్ష రాయాలి. అందులో తప్పితే కింది తరగతిలో కూర్చోబెడతారు. ఈ సంగతి పిల్ల ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఇంటికొచ్చిన నూర్లన్నీ చూసి మురిసిపోతోంది.

"పిడుగు మాస్టారు అందర్నీ తిడతారు కదండీ," అంది పిల్ల. "నన్నే తిట్టరు. ఎలాగూ వెళ్ళిపోయే పిల్లే, దీనికి చెప్పడం దండగ అనుకున్నారా?"

పిల్ల ఇంకో సుద్దముక్క డబ్బాలో వేసి, నాన్న వచ్చి లెక్క చెయ్యమంటే తన గుట్టు బయటపడుతుందంది. గుమాస్తా గుండె చెరువైంది. పిచ్చితల్లి ఇంకా ఎదురుచూస్తోందనుకుని, వీలైనంత మెల్లగా అన్నాడు.

"నాన్నగారు లేరు కదమ్మా."

"అవునండి, లేరు. ఇరవయ్యో తారీఖున వస్తారు."

పిల్లకి అందిస్తున్న సుద్దముక్కల పెట్టె గుమాస్తా చేతిలోంచి జారి డబ్బాల మీద పడింది. పంచినవీ పంచనివీ ఏకమై గది నిండా దొర్లాయి.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆ మనిషికి అన్నం సయించలేదు. మొదట రిజిస్టరులో రాసింది బ్లేడుతో గీకేద్దామనుకున్నాడు, చెయ్యి రాలేదు. పోనీ లేరు ముందు 'ఊళ్ళో' అన్న చిన్న మాట ఇరికిస్తే సరిపోతుందని కలం తీశాడు. గడిలో ఆవగింజంత జాగా లేదు. తన గుండ్రటి అక్షరాల మీద జీవితంలో మొదటిసారి విసుగొచ్చింది. ఏం దారని వెతుకుతూ ఫైలులో పడున్న సర్క్యులర్ తీసి ఏడు పేజీలూ చదివాడు. మూడో పేజీలో, ఊళ్ళు మారే పిల్లలకి ఏ పాఠాలు తప్పిపోయాయో ముందు కనుక్కోమని ఉంది. దాన్ని ఫైలులో పెట్టినవి తన చేతులే. చెప్పాలని రోజూ హెడ్మిస్ట్రెస్ గది దాకా వెళ్ళేవాడు, గంట కొట్టమని ప్యూనుకి చెప్పి తిరిగొచ్చేవాడు. ఆ నాలుగు రోజులూ బడిలో గంటలు ఎడాపెడా మోగాయి.

అయిదో రోజు ఆవిడే పిలిపించింది. పద్దెనిమిదో తారీఖున బడి మొత్తం రెండు నిమిషాలు మౌనం పాటించి, ఆ వీరుడి ఫోటో హాల్లో పెడదామంది. తల్లిని నొప్పించకుండా ఒక ఫోటో అడిగి తెమ్మంది. గుమాస్తా తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"మేడమ్, ఆ పిల్ల తండ్రి ఉన్నారండి."

"అలాంటివాళ్ళు ఎప్పుడూ ఉంటారండీ, మన గుండెల్లో."

"గుండెల్లో కాదు మేడమ్, సరిహద్దులో ఉన్నారు. ఇరవయ్యో తారీఖున సెలవు మీద వస్తున్నారు."

మరి లేరని రాశారుగా అంది ఆవిడ. పిల్ల లేరనే చెప్పిందండి, ఊళ్ళో లేరని నాకు తట్టలేదండి, అన్నాడు. గట్టిగా తిడుతుందనుకున్నాడు. ఆవిడ గ్లాసెడు నీళ్ళు తాగి, "ఉన్నాడన్నమాట," అంది. ఇంకోసారి అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత తిట్టింది, అదీ తనివితీరా. గుమాస్తా సంతోషంగా పడ్డాడు. అప్పుడు మూడో పేజీ ఆవిడ ముందు పెట్టి భాగహారం సంగతి చెప్పాడు. వెనక్కొచ్చి స్కేలు పెట్టి రిజిస్టరులో ఆ రెండు మాటలూ అడ్డంగా కొట్టేశాడు. ప్రాణమేమీ పోలేదు.

స్టాఫ్‌రూములో విషయం వినగానే కొంతమంది నవ్వారు, తెలుగు టీచరు ఏడ్చింది. ఈ తలవంపుల సంగతి తల్లిదండ్రుల చెవిన పడకుండా కడుపులో పెట్టుకుందామని అందరూ ఒట్టేసుకున్నారు. పిడుగు మాస్టారు ఒక్కడే గోడవైపు తిరిగి, "నేను కప్పకి వంద వేశానా," అని తనలో తనే అడుగుతూ కూర్చున్నాడు.

పిల్లకి మాత్రం గుమాస్తాయే చెప్పాడు, తప్పు తనదేనని. నాన్న చచ్చిపోయారనుకున్నారా అని అడిగింది. అవునమ్మా అన్నాడు, తల దించుకుని.

"అయితే నేను వెళ్ళిపోతానని కాదా?"

"కాదు తల్లీ."

"నాన్నకి చెప్పకండి. నవ్వుతారు గానీ లోపల బెంగపడతారు," అంది పిల్ల.

మర్నాడు లెక్కల క్లాసులో పిల్లని బోర్డు దగ్గరికి పిలిచిన కేక గుమాస్తా గది దాకా వినబడింది. అయిదో తరగతికొచ్చి భాగహారం రాదా, ఇన్నాళ్ళూ ఏం వెలగబెట్టావు, రానిది రాదని చెప్పడానికి నోరు లేదా, కప్పలు గీస్తావా అంటూ సాగింది. పక్క తరగతి పిల్లలు లేచి నిలబడ్డారు. ఆ తర్వాత పిడుగు మాస్టారు మామూలు గొంతుతో మొదటి మెట్టు నుంచి భాగహారం చెప్పాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం తన భోజనం సగంలో ఆపి చెప్పాడు. తోటి పిల్లలు కూడా వచ్చి చుట్టూ చేరి, ఎవరికి తోచిన తప్పు వాళ్ళు నేర్పారు. గుమాస్తా గది మళ్ళీ ఖాళీ అయింది. ఆయనకి కాస్త బాధేసింది, బాధపడ్డాడు.

ఇరవయ్యో తారీఖు సాయంత్రం ఒక పొడుగాటి మనిషి బడి ఆఫీసులో అడుగుపెట్టాడు. ఎండకి నల్లబడ్డ ముఖం, చేతిలో చిన్న సంచీ. ఫలానా అమ్మాయి నాన్ననండి అన్నాడు. అప్పటికే ఏదో ఒక పని కల్పించుకుని టీచర్లంతా ఆ గదిలోనే ఉన్నారు. హెడ్మిస్ట్రెస్ పదిసార్లు సాధన చేసిన స్వాగతవాక్యం గాలికి పోయి, "మీరు ఉన్నారు," అంది.

"పదిహేను రోజులుంటానండి," అన్నాడాయన, మర్యాదగా.

అందరూ ఆయన్ని అంత ఆప్యాయంగా చూస్తుంటే ఇబ్బందిపడి మెడ తడుముకున్నాడు. ఇంతలో పిల్ల పరుగెత్తుకొచ్చి ఆయన్ని చుట్టుకుంది. కాసేపటికి వదిలి, వెనక్కి జరిగి, పొద్దున పిడుగు మాస్టారు దిద్దిచ్చిన పరీక్ష కాగితం చేతికిచ్చింది. ముప్పై తొమ్మిది వేద్దామా అని మాస్టారు చాలాసేపు ఆలోచించి ముప్పై ఎనిమిదే వేశాడు.

తండ్రి కాగితం అటూ ఇటూ తిప్పాడు. "నూటికి ముప్పై ఎనిమిదా? ఎప్పుడూ నూర్లేనని అమ్మ చెప్పింది కదరా?"

"అవి నీకొచ్చిన మార్కులు నాన్నా," అంది పిల్ల. "ఇవి నాకొచ్చినవి."

తండ్రికి అర్థం కాలేదు. గదిలో మిగతా అందరికీ అర్థమైంది.